మూలికల టింక్చర్ తయారీ – 3వ పాఠం: ఎండు నేలవేము

నేలవేములో అసలు చేదు ఆండ్రోగ్రాఫొలైడ్ అనే పదార్థానిది. అది నీళ్లలో చాలా తక్కువగా, ఆల్కహాల్‌లో బాగా కరుగుతుంది. కషాయం కాచాక పిప్పి నమిలి చూడండి, ఇంకా చేదుగానే ఉంటుంది. అందుకే మొదటి టింక్చర్‌కు, అంటే మూలికను ఆల్కహాల్‌లో నానబెట్టి తీసే సారానికి, ఈ మూలికను తీసుకుంటున్నాం.

బేగంబజార్ మూలికల కొట్లలో కాల్‌మేఘ్ అని అడగండి. చిరాయతా అంటే వేరే మొక్క చేతికి రావచ్చు. నేలవేము కాడను వేళ్ల మధ్య తిప్పితే నాలుగు పలకలూ తెలుస్తాయి. కాడలో కంటే ఆకులో చేదు ఎక్కువ కాబట్టి ఆకు రాలిపోయిన పుల్లల కట్ట కొనకండి.

కొలత 1:5. అంటే 50 గ్రాముల ఎండు నేలవేముకు 250 మి.లీ. వోడ్కా. సీసా మీద ఆల్కహాల్ 42.8% అని ఉన్నది చాలు. రమ్ము, విస్కీలోనూ అంతే ఉంటుంది కానీ వాటి రంగు, వాసన కలిస్తే మన సారం ఎంత దిగిందో కంటికి తెలియదు. శానిటైజర్, సర్జికల్ స్పిరిట్, పారిశ్రామిక స్పిరిట్ ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు. మిథనాల్ ఉన్న స్పిరిట్ లోపలికి పోతే చూపు పోతుంది, ప్రాణమూ పోవచ్చు.

మూలికను రవ్వలా ముతకగా దంచాలి. మిక్సీలో మెత్తగా చేస్తే అడుగున ముద్దకట్టి లోపలి పొడి తడవదు, వడకట్టేటప్పుడు గుడ్డ మూసుకుపోతుంది. గాజు సీసాలో వేసి, ముందు కొంచెం వోడ్కాతో పొడంతా తడిపి, గంట ఆగి, మిగతాది పోయండి. పొడి ఉబ్బి పైకి తేలితే కలిపి ముంచాలి. 14 రోజులు చీకటి అల్మారాలో ఉంచి రోజూ ఒకసారి ఊపండి.

హైదరాబాద్ ఎండల్లో ఒక జాగ్రత్త తప్పనిసరి. 40% ఆల్కహాల్ ఆవిరి సుమారు 26 డిగ్రీల దగ్గరే మంట అందుకోగలదు. పొయ్యి ఉన్న గదిలో మూత తీయకండి, వడకట్టకండి.

14 రోజుల తర్వాత నూలు గుడ్డలో వేసి గట్టిగా పిండితే 200 మి.లీ. చుట్టూ వస్తుంది. మిగతాది పిప్పి పట్టుకుంటుంది, కంగారు పడక్కర్లేదు. తగ్గిందని నీళ్లు మాత్రం కలపకండి: ఆల్కహాల్ శాతం పడిపోయి, కరిగినది విడిపోయి మడ్డిగా దిగుతుంది. రాత్రంతా కదపకుండా ఉంచి, పైతేట గోధుమరంగు సీసాలోకి వంపుకుని పేరు, తేదీ, 1:5, 42.8% అని రాసి అంటించండి.

గర్భిణులు, కాలేయ జబ్బు ఉన్నవారు, మద్యం మానేసినవారు దీన్ని తీసుకోకూడదు. షుగర్, బీపీ, రక్తం పలచబరిచే మందులు వాడేవారు డాక్టరును అడగాలి.

అభ్యాసం: 100 గ్రాముల పచ్చి తులసిలో 80 గ్రాముల నీరుందనుకోండి. 42.8% వోడ్కా 100 మి.లీ. పోస్తే ఆల్కహాల్ సుమారు 24 శాతానికి దిగుతుంది, చెడిపోయే హద్దు దగ్గరికి వచ్చినట్టే. 200 మి.లీ. పోస్తే ఎంతో లెక్కగట్టి ఉంచుకోండి. 4వ పాఠం పచ్చి ఆకుల మీదే.