గ్రెవిలియా ఆకులు మాడుతున్నాయా? ముందు ఎరువు ఆపండి

సిడ్నీలో మా పెరట్లో కరివేపాకు మొక్క పక్కనే రాబిన్ గోర్డన్ రకం గ్రెవిలియా అనే ఆస్ట్రేలియా పూల పొద నాటాను. కరివేపాకుకు కోళ్ల ఎరువు వేస్తూ దీనికీ రెండు గుప్పిళ్లు వేశాను. కొన్ని వారాలకే ఆకులు మాడాయి. బలం చాలలేదేమోనని మళ్లీ వేశాను. మొక్క చనిపోయింది. ఇంకెవరి మొక్కా అలా పోకూడదని ఇది రాస్తున్నాను.

ముదురు ఆకుల అంచులు మాడడం, లేత ఆకులు పసుపు రంగుకు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా ఉండడం

రెండూ కలిసి కనిపిస్తే ముందుగా అనుమానించాల్సింది కోళ్ల ఎరువులో ఎక్కువగా ఉండే భాస్వరాన్నే (ఫాస్ఫరస్). ఆస్ట్రేలియాలో చాలా నేలల్లో అది బాగా తక్కువ. అందుకే గ్రెవిలియా, బ్యాంక్సియా వంటి ప్రోటియేసీ కుటుంబపు మొక్కలు నేల పైపొరలో, సీసాలు కడిగే బ్రష్షులా ఒత్తుగా గుత్తి వేర్లు పెంచుకుంటాయి. ఆ వేర్లు ఆమ్లాలు వదిలి, మట్టికి అతుక్కున్న కొద్దిపాటి భాస్వరాన్ని కూడా కరిగించి లాగుతాయి. ఎక్కువగా దొరికినప్పుడు తీసుకోవడం ఆపలేవు. అది ఆకుల్లో పేరుకుని విషమవుతుంది, మొక్కకు ఇనుము అందనివ్వదు.

పైనున్న ఎరువును చేత్తో ఏరి తీసేయండి. గునపం, పార వద్దు, గుత్తి వేర్లు తెగుతాయి. చీలేటెడ్ ఐరన్‌ను (మొక్క తేలిగ్గా పీల్చుకునే రూపంలోని ఇనుము) నీళ్లలో కలిపి మొక్క మొదలు దగ్గర పోస్తే లేత ఆకులు కోలుకుంటాయి. మాడిన ఆకు మళ్లీ పచ్చబడదు. కోళ్ల ఎరువు, ఎముకల పొడి ఇక దరిచేరనివ్వకండి. ఎరువు వేయక తప్పదనుకుంటే స్థానిక మొక్కల కోసం అమ్మే, భాస్వరం తక్కువగా ఉన్నదే కొనండి.

మట్టి తడిగా ఉన్నా కొమ్మలు వాడిపోవడం

ఇది వేరుకుళ్లు. ఫైటాఫ్తొరా అనే సూక్ష్మజీవి నీరు నిలిచే చోట వేర్లను తినేస్తుంది. ముదిరితే మందు లేదు. నాటకముందే అడుగు లోతు గుంత తీసి నీళ్లు పోయండి. మర్నాటికీ ఇంకకపోతే మట్టి ఎత్తుగా పోసి దానిపై నాటండి.

అంటు కింద వేరే రకం చిగురు

గొడుగుల్లా పెంచిన గ్రెవిలియాలను తరచుగా గ్రెవిలియా రోబస్టా కాండంపై అంటు కడతారు. మన అరకు కాఫీ తోటల్లో నీడనిచ్చే సిల్వర్ ఓక్ అదే. ఫెర్న్‌లాంటి ఆకులతో కింద చిగురు వస్తే వెంటనే తుంచేయండి.

కత్తిరించాక చేతులపై దురద, దద్దుర్లు

రాబిన్ గోర్డన్ కొందరి చర్మానికి పడదు. చేతి తొడుగులు, పొడవు చేతుల చొక్కా తప్పనిసరి.

పువ్వు విచ్చుకోలేక వంకీ తిరిగినట్టు కనిపించడం

ఇది తెగులు కాదు. దగ్గరగా చూడండి: దీనికి రేకులూ రక్షకపత్రాలూ విడివిడిగా ఉండవు, రెండింటి బదులు నాలుగే పరిపత్రాలు (రేకుల్లాంటి భాగాలు) కలిసి గొట్టంలా ఉంటాయి. లోపలి కీలం (అండాశయం పైనుండే సన్నని కాడ) పెరుగుతూ, కొన మొగ్గలోనే చిక్కుకుని ఉండడంతో విల్లులా బయటికి వంగుతుంది. విడిపడే లోపే పుప్పొడి ఆ కొనకు అంటుకుంటుంది. తేనె కోసం వచ్చిన హనీఈటర్ పిట్ట తలకు ఆ కొన తగిలి పుప్పొడి పూస్తుంది. ఆ వంకీలను గిల్లకండి.