ఎన్‌డీఐఎస్ డబ్బులు, ప్లాన్ మేనేజర్: ఎలా అప్లై చెయ్యాలి, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలి

ఆస్ట్రేలియాలో పిల్లాడికి ఆటిజం అనో, ఇంట్లో ఇంకొకరికి వైకల్యం అనో తేలాక అందరూ చెప్పేది ఒకటే, ఎన్‌డీఐఎస్‌కి (వైకల్యం ఉన్నవాళ్ళ సాయానికి ప్రభుత్వం డబ్బిచ్చే పథకం) అప్లై చెయ్యండి అని. సరే అప్లై చేస్తాం, కానీ ప్లాన్ (ఏ సాయానికి ఎంత డబ్బిస్తారో రాసిన కాగితం) చేతికొచ్చాక ఆ డబ్బుని ఎవరు చూసుకోవాలి అన్న దగ్గరే మనవాళ్ళు ఎక్కువ తికమక పడతారు, మేమూ పడ్డాం.

ముందు అర్హత. అప్లై చేసేటప్పటికి 65 ఏళ్ళు నిండకూడదు, సిటిజన్ గానీ పీఆర్ గానీ అయ్యుండాలి (కొందరు న్యూజిలాండ్ వాళ్ళకి వేరే వీసా మీద కూడా ఇస్తారు). స్టూడెంట్ వీసా, 482 (తాత్కాలిక ఉద్యోగ వీసా) మీద ఉన్నవాళ్ళకి రాదు, పీఆర్ వచ్చేదాకా ఆగాల్సిందే. ఎన్‌డీఐఎస్ ఫోన్ నంబర్ 1800 800 110. ఇంగ్లీష్‌లో ఇబ్బందైతే 131 450కి (ప్రభుత్వ అనువాద సర్వీసు) చేసి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగండి, వాళ్ళే లైన్ కలుపుతారు, దానికి మనం కట్టేదేం లేదు. తొమ్మిదేళ్ళ లోపు పిల్లలైతే మీ ఏరియాలోని ఎర్లీ చైల్డ్‌హుడ్ పార్ట్‌నర్ (ఎన్‌డీఐఎస్ తరఫున చిన్నపిల్లల్ని చూసే సంస్థ) దగ్గరికి వెళ్ళాలి. అసలు బలమంతా రిపోర్టులోనే ఉంటుంది, జబ్బు పేరు రాస్తే చాలదు, బట్టలు వేసుకోవడం, తినడం, మాట్లాడటం, రోజూ ఎక్కడెక్కడ సాయం కావాలో డాక్టర్ గానీ థెరపిస్ట్ గానీ విడమర్చి రాయాలి.

అప్లికేషన్ ఓకే అయ్యాక ప్లానింగ్ మీటింగ్ పెడతారు. డబ్బు ఎలా మేనేజ్ చేస్తారు అని అడుగుతారు. ఏజెన్సీకే (ఎన్‌డీఐఎస్‌ని నడిపే ప్రభుత్వ సంస్థ) వదిలేస్తే ఎన్‌డీఐఎస్‌లో రిజిస్టర్ అయిన ప్రొవైడర్ల (థెరపీ లాంటి సేవలిచ్చేవాళ్ళు) దగ్గరికే వెళ్ళగలరు. సెల్ఫ్ మేనేజ్ అయితే రిజిస్టర్ కానివాళ్ళని కూడా పెట్టుకోవచ్చు, కానీ బిల్లులు, లెక్కలు అన్నీ మన నెత్తినే. ప్లాన్ మేనేజ్డ్ మధ్యరకం, రిజిస్టర్ కాని థెరపిస్ట్ దగ్గరికి కూడా వెళ్ళొచ్చు, బిల్లు మాత్రం మన తరఫున ప్లాన్ మేనేజర్ (ప్లాన్ డబ్బు లెక్కలు చూసేవాళ్ళు) కడతారు. ఒక షరతు, రేటు ప్రభుత్వం పెట్టిన హద్దు దాటకూడదు, ఉదాహరణకి 2025-26లో స్పీచ్ థెరపీకి మామూలు ఏరియాల్లో గంటకి 193.99 డాలర్లు. అంతకంటే ఎక్కువ అడిగేవాళ్ళ దగ్గరికి సెల్ఫ్ మేనేజ్ వాళ్ళే వెళ్ళగలరు.

ప్లాన్ మేనేజర్ ఫీజు థెరపీ డబ్బులోంచి కోస్తారేమో అని చాలామంది వద్దనేస్తారు. కొయ్యరు, దానికి ప్లాన్‌లో విడిగా డబ్బు వేస్తారు. అడగందే అమ్మైనా పెట్టదు కాబట్టి మీటింగ్‌లోనే ప్లాన్ మేనేజ్డ్ కావాలని చెప్పండి. అప్పుడు మర్చిపోయినా పర్లేదు, ప్లాన్ మధ్యలో ఫోన్ చేసి మార్చమనొచ్చు.

ఆ తర్వాత రిజిస్టర్ అయిన ప్లాన్ మేనేజర్‌ని ఎంచుకుని సర్వీస్ అగ్రిమెంట్ మీద సంతకం పెడతారు, మీ ప్లాన్ మేనేజర్ ఫలానా అని ఎన్‌డీఐఎస్ వాళ్ళ రికార్డులో కూడా ఎక్కించాలి. సంతకానికి ముందు బిల్లు వచ్చాక ఎన్ని రోజుల్లో కడతారు, కట్టేముందు మమ్మల్ని అడుగుతారా అని రెండు ప్రశ్నలు వేయండి. థెరపీ ఇచ్చే కంపెనీయే ప్లాన్ మేనేజర్‌గా కూడా ఉంటానంటే నేనైతే ఒప్పుకోను, తన బిల్లు తనే పాస్ చేసుకున్నట్టు ఉంటుంది. ఇంకోటి, ప్రొవైడర్లని వెతికి పెట్టడం ప్లాన్ మేనేజర్ పని కాదు, అది సపోర్ట్ కోఆర్డినేటర్ పని.

మా వాడి థెరపీ క్లినిక్ ఒకసారి మేం క్యాన్సిల్ చెయ్యని, అసలు జరగని సెషన్‌కి బిల్లు పంపింది. పేరు, ఎన్‌డీఐఎస్ నంబర్, ఏబీఎన్ (క్లినిక్ వ్యాపార నంబర్), తేదీ, గంటలు అన్నీ కరెక్ట్‌గా ఉన్నాయి కాబట్టి మేనేజర్ కట్టేశారు, వాళ్ళకేం తెలుసు ఆ మంగళవారం వాడు జ్వరంతో పడుకున్నాడని, థెరపిస్టే సెలవు పెట్టిందని? నెలాఖరు స్టేట్‌మెంట్‌ని ఫ్రిజ్ మీద క్యాలెండర్ పక్కన పెట్టి చూస్తే దొరికింది, డబ్బు వెనక్కి రావడానికి నాలుగు ఈమెయిళ్ళు పట్టింది. అందుకే ఇప్పుడు ప్రతి బిల్లూ నేను అప్రూవ్ చేశాకే కట్టమని చెప్పా.

2025 మే 19 నుంచి వస్తున్న ప్లాన్లలో డబ్బు విడతలుగా వదులుతున్నారు, ఎక్కువగా మూడేసి నెలలకి. మిగిలింది అదే ప్లాన్‌లో తర్వాతి విడతకి కలుస్తుంది, రాబోయే విడత డబ్బు మాత్రం ఇప్పుడే వాడలేం. మేనేజర్ నచ్చకపోతే మార్చుకోవచ్చు, అగ్రిమెంట్‌లో రాసిన నోటీసు రోజులు చూసుకుని, పాత బిల్లులన్నీ క్లియర్ చేయించుకున్నాకే బయటికి రండి.