చిన్న ముక్కకి, గుండ్రటి బిళ్ళకి ఇంగ్లీషులో సరైన మాట ఎలా ఎంచుకోవాలి?

మనలో చాలామందికి ఇంగ్లీషులో ముక్క అంటే పీస్, అంతే. పగిలిన గాజు పీసే, బ్రెడ్డు పీసే, బిర్యానీలో వచ్చేదీ పీసే. తెలుగులో మాత్రం అలా మాట్లాడం కదా, గాజుకైతే పెంకు అంటాం, గోడ నుంచి ఊడితే పెచ్చు అంటాం, జీడిపప్పుకి పలుకు, కంట్లో పడితే నలుసు. అంటే తేడా చూసే కన్ను మనకి ఆల్రెడీ ఉంది, దాన్ని ఇంగ్లీషు మాట్లాడేటప్పుడు కూడా తెరిచి పెట్టుకోవాలి, అంతే. నేను స్పోకెన్ ఇంగ్లీష్ చెప్పేటప్పుడు వాడే పద్ధతి ఇదే.

స్టెప్ 1: ముందు తెలుగు మాట పట్టుకోండి

ఒకసారి వేరే దేశంలో ఉన్నప్పుడు నా వేలికి చెక్క పేడు గుచ్చుకుంది. మందుల షాపుకెళ్ళి "స్మాల్ వుడ్ పీస్ ఇన్ మై ఫింగర్" అన్నాను, ఆవిడ కంగారుపడి ఎంత పెద్దది, రక్తం ఆగిందా అని అడగడం మొదలుపెట్టింది, చివరికి వేలు చూపిస్తే "ఓ, స్ప్లింటర్!" అని ట్వీజర్స్ తీసిచ్చింది. తెలుగులో నేను చెక్కముక్క గుచ్చుకుంది అని ఎప్పుడూ అనను, పేడు అంటాను. పేడు అంటే స్ప్లింటర్ అని జతగా గుర్తుపెట్టుకుని ఉంటే ఒక్క మాటలో అయిపోయేది.

స్టెప్ 2: అది ఎలా విడిపోయిందో చూడండి

ఇదే అసలు కీలకం. కత్తితో పల్చగా కోస్తే స్లైస్. గాజు, కుండ లాంటివి పగిలి వాడిగా ఉంటే షార్డ్. పొరలా లేచి ఊడితే ఫ్లేక్, అందుకే పెయింటు పెచ్చులూ ఫ్లేక్సే, అటుకుల్లా నొక్కిన కార్న్ కూడా ఫ్లేక్సే. బ్రెడ్డో బిస్కట్టో తింటుంటే రాలే పొడి క్రమ్స్ (స్పెల్లింగులో చివర బీ ఉంటుంది కానీ పలకరు). కాగితం, గుడ్డ చింపగా మిగిలితే స్క్రాప్.

ఇక చిప్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. కాఫీ కప్పు సింకులో తగిలి అంచు దగ్గర గోరంత ముక్క లేచిపోతుంది చూడండి, ఆ ముక్కా చిప్పే, కప్పు మీద మిగిలిన ఆ చిన్న నొక్కూ చిప్పే. కప్పు రెండు ముక్కలైతే మాత్రం చిప్ అనకూడదు, అది బ్రోకెన్. బ్రిటన్‌లో చిప్స్ అంటే వేడి వేడి బంగాళాదుంప వేపుళ్ళు, మనం ప్యాకెట్లో కొనుక్కునే చిప్స్‌ని వాళ్ళు క్రిస్ప్స్ అంటారు, అక్కడికి చదువుకోడానికి వెళ్ళే పిల్లలు ఇది ముందే తెలుసుకోవాలి.

స్టెప్ 3: తర్వాత సైజు

పెద్దగా, మందంగా ఉంటే చంక్. కూరలో మటన్ ముక్కలకి ఇది బాగా సరిపోతుంది. ఇసుక, ఉప్పు, బియ్యం లాంటి వాటికి గ్రెయిన్. కంట్లో నలుసుకి స్పెక్. ఏదీ తోచకపోతే బిట్ అనేయండి, తప్పు కాదు. పీస్‌ని పూర్తిగా వదిలేయమని కాదు, సలహాకీ వార్తకీ అదే కావాలి, "యాన్ అడ్వైజ్" అనకుండా "ఎ పీస్ ఆఫ్ అడ్వైజ్" అనాలి.

స్టెప్ 4: బిళ్ళ అయితే, దేనికి వాడతారో అడగండి

తెలుగులో బిళ్ళ అన్నీ మోస్తుంది, మందుబిళ్ళ, రూపాయి బిళ్ళ, జడబిళ్ళ. ఇంగ్లీషులో పనిని బట్టి పేరు మారిపోతుంది. మింగేది టాబ్లెట్. పిల్ అన్నా నడుస్తుంది కానీ ఆ మాటకి లాటిన్‌లో మూలం చిన్న ఉండ అని, టాబ్లెట్‌కి మూలం చిన్న పలక అని, అందుకే చేతిలో పట్టుకునే కంప్యూటర్ కూడా టాబ్లెట్ అయింది. కొళాయిలో వేసేది వాషర్, గ్లాసు కింద పెట్టేది కోస్టర్, చీర మీద కుట్టే చెమ్కీ సీక్విన్. ఈ సీక్విన్ అనే మాట వెనిస్ వాళ్ళ బంగారు నాణెం పేరు నుంచి వచ్చింది, నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది. క్యారమ్‌లో 19 బిళ్ళల్ని మనం కాయిన్స్ అంటాం.

ఏ పనీ తెలీకపోతే డిస్క్ అనండి. స్పెల్లింగ్‌లో కాంపాక్ట్ డిస్క్‌కి చివర సీ, హార్డ్ డిస్క్‌కి చివర కే.

ముక్కా బిళ్ళా రెండూ కలిసే చోటు కూడా ఉంది. మన ఫోన్లో ఉండే చిప్ మొదట ఒక పల్చటి గుండ్రటి సిలికాన్ బిళ్ళలో భాగం, దాన్ని వేఫర్ అంటారు, పెద్ద ఫ్యాక్టరీల్లో దాని వ్యాసం 300 మిల్లీమీటర్లు, అంటే దాదాపు మన అన్నం కంచమంత. దాని మీద సర్క్యూట్లన్నీ ముద్రించాక చిన్న చిన్న చదరాలుగా కోస్తారు, ఆ చదరమే చిప్. క్యాసినోలో డబ్బుకి బదులు వాడే గుండ్రటి బిళ్ళకి కూడా చిప్ అనే పేరు.

స్టెప్ 5: ఇంట్లో ప్రాక్టీస్

టిఫిన్ అయ్యాక టేబుల్ మీద ఏమేం రాలి ఉన్నాయో చూసి ఒక్కోదానికి ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో పేరు పెట్టండి, పిల్లలు ఉంటే వాళ్ళతో చేయిస్తే ఇంకా మంచిది. రోజుకి మూడు నాలుగు చాలు. మా అక్క కూతురికి ఇలాగే నేర్పిస్తుంటే "పిన్నీ, మరి తొక్కుడు బిళ్ళలో బిళ్ళ?" అని అడిగింది. ఆట పేరు హాప్‌స్కాచ్, విసిరే బిళ్ళని మార్కర్ అంటారు అని చెప్పాను. కానీ మేం చిన్నప్పుడు ఆడిన బిళ్ళ పగిలిన కుండ పెంకు, అంటే షార్డ్, దాన్ని అరుగు మీద అరగదీసి అరగదీసి గుండ్రంగా చేస్తే డిస్క్ అయ్యేది.