కదలని ఫైలు గురించి సమాచార హక్కు దరఖాస్తు రాయడం ఎలా?

పాసుపుస్తకంలో పేరు మార్పు, ఇంటి నిర్మాణ అనుమతి, రేషన్ కార్డు వంటి వాటికి పెట్టుకున్న దరఖాస్తు గడువు దాటినా తేలనప్పుడు చాలామంది మరో వినతిపత్రం ఇచ్చి వస్తారు. అంతకంటే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఆ ఫైలు వివరాలు అడగడం మేలు. ఈ చట్టం మీ పని చేసిపెట్టదు, ఫైలు ఎవరి దగ్గర ఆగిందో చెప్పిస్తుంది. ఆ సంగతి కాగితం మీదికి వస్తుందని తెలిశాక పని కదిలే అవకాశం ఎక్కువ.

దరఖాస్తును ఆ కార్యాలయపు పౌర సమాచార అధికారి పేరిట తెలుగులోనే తెల్లకాగితం మీద రాయవచ్చు. సమాచారం ఎందుకు కావాలో చెప్పనక్కరలేదు. ఆంధ్రప్రదేశ్ నిబంధనల ప్రకారం గ్రామస్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారు రుజువు జతచేస్తే చెల్లించనక్కరలేదు. సమాచారం వేరే కార్యాలయంలో ఉంటే, దరఖాస్తును 5 రోజుల్లోగా అక్కడికి బదిలీ చేయవలసిన బాధ్యత అధికారిదే.

ఇక ప్రశ్నలు, అసలు కిటుకంతా వీటిలోనే ఉంది. ‘నా పని ఎందుకు చేయలేదు?’ అని అడిగితే అది సంజాయిషీ అడగడమే తప్ప రికార్డు అడగడం కాదని తోసిపుచ్చవచ్చు. అందుకని మీ మీసేవ రసీదు సంఖ్య, తేదీ వేసి, ఆ దరఖాస్తు ఏ తేదీన ఏ అధికారి దగ్గరికి వెళ్లింది, ఎన్నాళ్లు ఉంది, ఆయన తీసుకున్న చర్య ఏమిటి అన్న వివరాలను, నోట్ ఫైలు (దరఖాస్తుపై అధికారులు రాసిన వ్యాఖ్యలుండే ఫైలు) నకలుతో సహా ఇవ్వమనండి. ఆ సేవకు సిటిజన్ చార్టర్‌లో, అంటే ఏ సేవ ఎన్నాళ్లలో అందించాలో కార్యాలయం ప్రకటించే పత్రంలో, నిర్ణయించిన గడువు తెలిపే పత్రాన్నీ కోరండి. మీ తర్వాత వచ్చి ముందే పరిష్కారమైన దరఖాస్తుల సంఖ్యలు, తేదీలు కూడా అడగవచ్చు. పేర్లు మాత్రం అడగకండి, వ్యక్తిగత సమాచారమంటూ నిరాకరించే వీలు మీరే కల్పించినట్లవుతుంది. నాలుగైదు ప్రశ్నలు చాలు. కోపం, ఆరోపణలు ఈ కాగితంలో వద్దు.

నేరుగా ఇస్తే నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి, పోస్టులో పంపితే రసీదు దాచండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, అరకొరగా వచ్చినా, మరో 30 రోజుల్లోగా అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు చేసుకోవాలి. ఆయన 30 రోజుల్లో, కారణాలు రాసి మరీ ఆలస్యం చేసినా 45 రోజుల్లో తేల్చాలి. అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేయవచ్చు. తగిన కారణం లేకుండా ఆలస్యం చేసిన పౌర సమాచార అధికారికి కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున, గరిష్ఠంగా 25,000 రూపాయల జరిమానా విధించగలదు. ఆ సొమ్ము మీకు రాదు. ఆలస్యం వల్ల నష్టపోయినట్లు రుజువు చేయగలిగితే పరిహారాన్ని అప్పీలులోనే విడిగా కోరండి.