ఒక్క వచనం మీద ప్రసంగం ఎలా సిద్ధం చేసుకోవాలి? బైబిల్ కాలేజీలో కొత్తగా చేరినవారికి

జూన్‌లో బైబిల్ కాలేజీలో చేరినవారికి ఆగస్టు తిరక్కుండానే చాపెల్‌లో, అంటే కాలేజీ ఆరాధనలో, వంతు వస్తుంది. పది నిమిషాలు వాక్యం చెప్పమంటారు. ముందురోజు రాత్రి యూట్యూబ్‌లో పేరున్న దైవజనుల వర్తమానం ఒకటి రెండుసార్లు విని, ఆ గొంతూ ఆ చేతులూపడమూ పట్టేసి, తెల్లవారి అదే చెప్పేస్తారు. హైదరాబాద్‌లో ఓ చిన్న కాలేజీలో ఏళ్లుగా హోమిలెటిక్స్, అంటే ప్రసంగం తయారుచేసే విద్య, చెబుతున్నాను. ఏ బ్యాచ్ వచ్చినా ఇదే వరస. అందుకే పద్ధతంతా ఒకచోట రాస్తున్నాను.

కావలసినవి

బైబిల్ సొసైటీ వారి పాత భాషాంతరం, పుట అడుగున వివరణలు లేనిది. ఒక రూళ్ల నోటుబుక్కు, పెన్సిలు. ఫోను పక్కగదిలో ఉండాలి. వ్యాఖ్యానాలు కావాలంటే ఆదివారం ఆరాధన అయ్యాక ఆబిడ్స్ వెళ్లండి, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో అప్పుడప్పుడు మంచివి దొరుకుతాయి. కానీ గురువారం దాకా వాటిని తెరవకూడదు. ఆదివారం ప్రసంగానికి మంగళవారం కూర్చోవాలి. శనివారం రాత్రి కూర్చునేవాళ్లు సొంతంగా ఏమీ తయారు చేసుకోలేరు, ఎవరిదో ఒకటి తెచ్చుకుంటారు.

వచనం ఎవరైనా ఇస్తే అదే తీసుకోండి. ఇవ్వకపోతే, ఈమధ్య మీరు వరుసగా చదువుతున్న పుస్తకంలోంచి ఎంచుకోండి. ప్రార్థన చేసి మొదలుపెట్టండి. ఇంతవరకు ఎవరికీ కష్టం ఉండదు.

సందర్భం

తప్పు జరిగేది ఇక్కడే. అందరికీ నోటికొచ్చిన వచనంతోనే చూద్దాం: యిర్మీయా 29:11. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పంచే వాగ్దాన కార్డుల్లో ఇది తప్పకుండా ఉంటుంది. “సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు” అన్న మాట దగ్గర ఆగి, ఈ సంవత్సరం నీకు ఉద్యోగం, నీకు సొంతిల్లు, నీకు సంతానం అని చెప్పేస్తారు. సంఘం ఆమేన్ అంటుంది. ఫిబ్రవరిలో ఆ సంఘంలోనే ఒక తల్లికి క్యాన్సర్ అని తేలుతుంది. ఆమె ఆ కార్డు బైబిల్లో పెట్టుకుని వచ్చి, “అయ్యగారూ, మరి ఈ మాట ఏమైంది?” అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబుదారీ వచనాన్ని అలా చెప్పిన మనిషిదే.

కాబట్టి ఆ వచనం మీద ఒక్క ముక్క రాయకముందు 27, 28, 29 అధ్యాయాలు మొత్తం బయటికి చదవండి. మంగళవారం ఒకసారి, బుధవారం ఒకసారి. చదువుతూ ఈ నాలుగూ నోటుబుక్కులో రాయండి: ఈ మాట ఎవరు అంటున్నారు, ఎవరితో, వాళ్లు ఏ పరిస్థితిలో ఉన్నారు, దీనికి ముందూ వెనకా ఏముంది. మామూలు తెలుగులో రాయండి. “దైవిక ప్రణాళిక” లాంటి మాటలు రాయగానే ఆలోచన ఆగిపోతుంది.

జాగ్రత్తగా చదివితే దొరికేవి ఇవి. అది ఉత్తరం. యెరూషలేములో ఉన్న యిర్మీయా బబులోనులో చెరలో ఉన్నవాళ్లకు పంపాడు. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యూదా రాజును, రాజమాతను, పెద్దలను, పనివాళ్లను పట్టుకుపోయాడు. వాళ్లు రేపోమాపో ఇంటికెళ్తామన్న ఆశతో ఉన్నారు. వెనక 28వ అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా తిరిగొస్తుందని దేవాలయంలో అందరి ముందూ చెప్పాడు. అది వినడానికి హాయిగా ఉంది. కానీ దేవుడు పంపని మాట. హనన్యా ఆ ఏడే చనిపోయాడు. ఆ తర్వాతి అధ్యాయంలో ఈ ఉత్తరం: ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి. 10వ వచనంలో 70 ఏళ్లు అన్నాడు. ఆ వెంటనే మన 11వ వచనం.

70 ఏళ్లు అన్న మాట దగ్గర కాసేపు ఆగండి. నలభై ఏళ్లవాడు ఆ ఉత్తరం వింటే తన కాలంలో సొంతూరు చూడడని అర్థం. అతని మనవడు చూస్తాడు. దుబాయిలో ఉన్న కొడుక్కి తండ్రి రాసిన నాలుగు పేజీల ఉత్తరంలోంచి ఒక్క లైను చింపి పక్కింటాయనకు ఇస్తే ఏమర్థమవుతుంది? వాగ్దాన కార్డు మీద అచ్చంగా ఆ పనే చేస్తున్నాం.

ఇక్కడ విద్యార్థులు ఎప్పుడూ అడిగేది ఒకటుంది: “అంటే ఈ వాగ్దానం మనది కాదా అన్నా?” ఈ ప్రశ్నకు తొందరపడి అవుననీ చెప్పొద్దు, కాదనీ చెప్పొద్దు. మొదట అది వాళ్లది. దేవుడు దాన్ని నెరవేర్చాడు. పారసీక రాజు కోరెషు ఆజ్ఞతో యూదులు తిరిగొచ్చినప్పుడు, అది యిర్మీయా ద్వారా పలికిన మాట నెరవేరడానికే అని ఎజ్రా పుస్తకం మొదటి వచనమే చెబుతోంది. ఆ మాట నిలబెట్టుకున్న దేవుడే మన దేవుడు, క్రీస్తులో ఆయన వాగ్దానాలన్నిటికీ అవును అన్న జవాబు ఉందని పౌలు రెండో కొరింథీ పత్రిక మొదటి అధ్యాయంలో రాశాడు. మనం ప్రకటించాల్సింది ఆయన నమ్మకత్వం. డిసెంబరులోగా ఇల్లు వస్తుందని ఆయన ఎవరికీ రాసివ్వలేదు.

ఇలా చేస్తే వచనం బలం తగ్గుతుందని కొందరు భయపడతారు. నేను చూసినంతవరకు పెరుగుతుంది. ఆ క్యాన్సర్ వచ్చిన తల్లికి రెండేళ్లలో అంతా సర్దుకుంటుందన్న హనన్యా మాట పనికిరాదు. ఎంతకాలమైనా నిన్ను మరచిపోలేదన్న దేవుని మాటే ఆమెను నిలబెడుతుంది. ఇంకొకటి, మియాపూర్‌లోనో కూకట్‌పల్లిలోనో మన సంఘాల్లో శ్రీకాకుళం నుంచి, మహబూబ్‌నగర్ నుంచి పనికోసం వచ్చిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్ల మనసంతా ఊళ్లోనే. మీరున్న పట్టణం క్షేమం కోరండి అన్న 7వ వచనం వాళ్లకోసమే రాసినట్టుంటుంది. అది కార్డు మీద వేసినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

బుధవారం రాత్రికి మొత్తాన్ని ఒక్క వాక్యంలో రాయాలి. “దేవుడు నిన్ను ఈ ఏడు హెచ్చిస్తాడు” అని వస్తే మళ్లీ 27వ అధ్యాయానికి వెళ్లండి. “చెర ఎంత పొడవైనా దేవుడు తన జనాన్ని మరువలేదు, కాబట్టి ఉన్నచోటే నమ్మకంగా బతకండి” అని వస్తే ముందుకు వెళ్లొచ్చు. ఆ వాక్యం రాకుండా ప్రసంగం రాయకూడదు.

రిఫరెన్సుల గొలుసు ఎందుకు వద్దు

కంకార్డెన్స్ (ఏ మాట బైబిల్లో ఎక్కడెక్కడ ఉందో చూపే పుస్తకం) తెరిచి “నిరీక్షణ” అన్న మాట ఉన్న వచనాలు ఇరవై ఏరి, వరసగా చదివించే పద్ధతి మన దగ్గర బాగా అలవాటు. విద్యార్థులకు చాలా కష్టపడ్డామన్న తృప్తి ఉంటుంది. వినేవాళ్లు మాత్రం పుటలు తిప్పడంలోనే అలసిపోతారు, ఇంటికెళ్లాక ఒక్కటీ గుర్తుండదు. ఒక ప్రసంగానికి ఒకే వాక్యభాగం. బయటి వచనాలు రెండుకు మించొద్దు. మూడు పాయింట్లూ ఒకే అక్షరంతో మొదలవ్వాలని తాపత్రయపడొద్దు, అక్షరం కుదర్చడానికి అర్థాన్ని వంచాల్సి వస్తుంది.

మిగతా పనులు

గురువారం వ్యాఖ్యానం తీసి మీరు రాసుకున్నది సరిచూసుకోండి. శుక్రవారం రెండు పుటల్లో ప్రసంగం రాయండి. ఉదాహరణ ఒకటి చాలు, అది కూడా మీ సంఘం ఎరిగిన బతుకులోంచి. పరలోకానికి వెళ్లొచ్చినవాళ్ల కథలు వద్దు.

శనివారం వాక్యభాగాన్ని నిలబడి బయటికి మూడుసార్లు చదవండి. పాత భాషాంతరంలో వాక్యాలు పొడుగ్గా ఉంటాయి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలియకపోతే అర్థం మారిపోతుంది. చదువురాని పెద్దవాళ్లకు వారమంతటికీ చెవినపడే బైబిలు ఆ నాలుగు నిమిషాలదే. వాళ్లకోసం నిదానంగా చదవాలి.

చాపెల్‌లో పది నిమిషాలంటే పదే. సంఘంలో ఇరవై ఐదు. అంతకుమించి మైకు పట్టుకోవద్దు. అయ్యాక ఆ నోటుబుక్కు పుట పైన తేదీ, సంఘం పేరు, వాక్యభాగం రాసిపెట్టండి. అదే సంఘం మళ్లీ పిలిస్తే ముందు ఆ పుట తిరగేసి, వాళ్లకు ఇంతకుముందు ఏం చెప్పారో చూసుకుని కొత్త భాగం ఎంచుకోండి.