రోడ్డు పనుల వద్ద వాహనాల వేగం తగ్గించే పద్ధతి

విశాఖపట్నంలో గాజువాక నుంచి మధురవాడ వరకు 16వ నంబరు జాతీయ రహదారి మీద ఎక్కడ గొయ్యి తవ్వినా, అందులో దిగిన కూలీ ముందుగా భయపడవలసింది వెనుక నుంచి వచ్చే లారీకే. అయినా ‘నెమ్మదిగా వెళ్లండి’ అన్న పలకను సరిగ్గా గొయ్యి అంచున నిలబెట్టి, తన పని అయిపోయిందనుకునే గుత్తేదారులు ఉన్నారు. రోడ్ల నిర్మాణానికి ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం, డ్రైవరు అపాయాన్ని గమనించి బ్రేకు వేసి పూర్తిగా ఆగేసరికి సుమారు 80 మీటర్లు ముందుకు సాగుతుంది; అదే వేగం 30 అయితే 30 మీటర్లు సరిపోతాయి. కాబట్టి మొదటి పలక ఆ దూరానికి ఎంతో ముందే కనిపించాలి. హనుమంతవాక, ఎండాడ మధ్య ఉన్నటువంటి వాలు మీద దాన్ని గొయ్యికి ఇంకా దూరంగా, ముందే పెట్టాలి.

పలక తర్వాత దారిని కోన్లతో ఏటవాలుగా, క్రమంగా ఇరుకు చేయాలి. డ్రైవరు పలకను చదవకపోయినా, దారి కుంచించుకుపోతుంటే కాలు దానంతట అదే బ్రేకు మీదికి వెళుతుంది. ఒక్కసారిగా అడ్డంగా బారికేడ్లు పెడితే మాత్రం ద్విచక్ర వాహనదారులు పక్క వరుసలోని బస్సు కిందికి దూరే ప్రమాదముంది. మట్టి కుప్పపోసి స్పీడ్ బ్రేకర్ అనిపించడం అంతకన్నా తప్పు. వాన పడితే అది బురదై బండ్లు జారుతాయి.

ఒకే వరుసలో రెండు వైపుల వాహనాలను వంతులవారీగా వదలాలంటే, ఇరు చివరలా జెండా పట్టిన మనుషులు ఉండాలి. వారు మెరిసే జాకెట్లు తొడుక్కుని, వచ్చే బండికి ఎదురుగా కాక రోడ్డు అంచున, పక్కకు తప్పుకోగల చోట నిలబడాలి. ఇద్దరూ ఒకరికొకరు కనిపించకపోతే వాకీటాకీ తప్పనిసరి. అవతలి నుంచి వదిలిన చివరి బండి నంబరు అందేవరకు ఇవతల ఒక్క ఆటోను కూడా కదలనివ్వకూడదు.

బీచ్ రోడ్డులో గాలికి పలకలు పడిపోతాయి కనుక కాళ్ల మీద ఇసుక బస్తాలు వేయాలి. కొందరు బండరాళ్లు పెడతారు, చీకట్లో వాటికే బండి తగులుతుంది. రాత్రి వేళ ఎర్ర దీపాలు వెలగాలి, మెరిసే టేపు మీది దుమ్మును రోజూ తుడవాలి.

పని ముగిసిన సాయంత్రమే పలకలన్నీ తీసేయాలి, ఎందుకంటే ఖాళీ రోడ్డు మీద నెలల తరబడి ‘30’ అని చూసిన ఆటో డ్రైవరు, మరోచోట నిజంగా గొయ్యి ఉన్నప్పుడు ఆ అంకెను పట్టించుకోడు.