ఉష్ణమండల దేశానికి స్వచ్ఛంద సేవకు వెళ్లేముందు జాగ్రత్తలు

- ఎల్లో ఫీవర్ టీకా అడిగే దేశమైతే ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోండి. ఆ గడువు దాటాకే ధ్రువపత్రం చెల్లుతుంది.
- మలేరియా దోమ రాత్రి కుడుతుంది, డెంగీ దోమ పగలు. అందుకే దోమతెర ఒక్కటే చాలదు. పగలు కూడా పొడుగు చేతుల చొక్కా, ఒంటికి దోమల మందు ఉండాలి. మలేరియా మాత్రలు తిరిగి వచ్చాక కూడా డాక్టరు చెప్పినన్నాళ్లూ వేసుకోండి. జ్వరం వస్తే ప్రయాణ బడలికనుకుని పడుకోవద్దు, అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి. అన్నిటికంటే నేను గట్టిగా చెప్పేది ఇదే.
- నీళ్లు మరిగించి తాగండి. ఐసు వద్దు.
- మొదటి రెండు వారాలు మండుటెండలో బరువు పనులు పెట్టుకోకండి; ఒళ్లు వేడికి అలవాటు పడాలి.
- మీ వీసా సేవా పనికి అనుమతిస్తుందా? రాతపూర్వకంగా అడగండి.
- పెద్దల అనుమతి లేకుండా పిల్లల ఫొటోలు తీయకండి.